మీటరు తిరగలేదని ఆయిల్ మార్చకుండా ఉంటావా?

రాజమహేంద్రవరం

ఒరేయ్ వేణూ,

నీ ఉత్తరం అందింది. అమ్మాయి చదువు, అమ్మగారి మోకాళ్ల నొప్పులు, హనుమకొండ ఎండలు అన్నీ రాశావు. వాటి గురించి ఆదివారం ఫోనులో తీరిగ్గా మాట్లాడుకుందాం. చివర్లో ఓ మూల గీకి వదిలేశావే, "ఏడాదిన్నరలో కారు ఆరువేలే తిరిగింది, పదివేలు నిండాక ఆయిల్ మారుస్తాను" అని, దాని సంగతి మాత్రం ఇప్పుడే తేల్చాలి. పదివేల దాకా ఆగకురా. ఈ నెలలోనే మార్పించు.

నీ స్విఫ్ట్‌తో ఇచ్చిన పుస్తకంలో ఆ వాక్యం సగమే చదివినట్టున్నావు. పదివేల కిలోమీటర్లు లేదా ఏడాది, ఏది ముందు వస్తే అది. ఆ రెండో సగం పెట్టింది నీలాంటివాళ్ల కోసమే. పొద్దున బ్యాంకుకు మూడు కిలోమీటర్లు, సాయంత్రం మళ్లీ మూడు. బండిని పువ్వులా చూసుకుంటున్నానని నీ నమ్మకం. ఇంజన్‌కు బాగా కష్టమైన వాడకాల్లో ఇదొకటంటే కోపం తెచ్చుకోకు.

ఎందుకో చెబుతాను. లీటరు పెట్రోలు మండితే దాదాపు లీటరు నీళ్లు పుడతాయి. చాలావరకు ఆవిరై సైలెన్సర్‌లోంచి బయటికి పోతాయి. కొంత ఆవిరి మాత్రం పిస్టన్ రింగుల సందుల్లోంచి కిందికి దిగి ఆయిల్‌లో కలుస్తుంది. పైగా చల్లటి ఇంజన్‌కు పెట్రోలు కాస్త ఎక్కువ అందుతుంది, మండకుండా మిగిలినది కూడా అదే దారి పడుతుంది. జనగామ దాకా వెళ్లివచ్చే బండిలో ఆయిల్ బాగా కాగుతుంది కాబట్టి ఇవన్నీ ఆవిరైపోతాయి. నీ బండిలో ఆయిల్ కాగేలోపే బ్యాంకు వచ్చేస్తుంది. చేరిన తేమ చేరినట్టే ఉండి, ఆమ్లాలు తయారవుతాయి. వాటిని విరిచే రసాయనాలు ఆయిల్‌లో ముందే కలిపి ఉంటారు, కానీ అవి ఖర్చయ్యే సరుకు. ఇంత జరుగుతున్నా మీటరు మీద అంకెలు మాత్రం కదలవు.

నమ్మకం కుదరకపోతే బానెట్ తెరిచి, ఆయిల్ పోసే మూత విప్పి లోపలివైపు చూడు. వానాకాలంలో, చలికాలంలో ఇలా తిరిగే బండ్లకు అక్కడ పాలమీగడలాంటి తెల్లటి జిగురు పట్టి ఉంటుంది. మూతకు మాత్రమే ఉంటే కంగారు అక్కర్లేదు, అది తేమ. డిప్‌స్టిక్, అంటే ఆయిల్ మట్టం చూసే కడ్డీ మీద ఆయిల్ కూడా పాలు కలిసినట్టు కనిపించి, రేడియేటర్ డబ్బాలో కూలెంట్, అంటే ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం తగ్గుతూ ఉంటే మాత్రం బండి స్టార్ట్ చేయకుండా మెకానిక్‌ను పిలిపించు.

మా బావమరిది కథ ఇందుకు పూర్తిగా తిరగబడింది. హైదరాబాద్‌కూ ఇక్కడికీ హైవే మీద తెగ తిరుగుతాడు. అయిదువేలకోసారి మార్చాలని మెకానిక్ అనడం, ఈయన మార్చేయడం. డిప్‌స్టిక్ మీది చుక్కను రెండు వేళ్ల మధ్య నలిపి "నల్లబడిపోయింది సార్" అంటే చాలు, జేబులోంచి డబ్బు తీస్తాడు. నల్లబడటం ఆయిల్ పని చేస్తోందనడానికి గుర్తు కూడా కావచ్చు, మసిని పట్టి తనలో తేలేలా ఉంచడమే దాని పని. సీఎన్‌జీ బండిలో ఆయిల్ చాలాకాలం తేటగానే ఉంటుంది. అంతమాత్రాన మార్చకుండా వదిలేస్తామా?

ఇక ఏ ఆయిల్ అన్న గొడవ. కంపెనీ పేర్ల మీద జనం కొట్టుకు చస్తారు, డబ్బా మీద అంకెలు చూసేవాళ్లు తక్కువ. పుస్తకంలో 5డబ్ల్యూ-30 అని ఉంటే అదే, 0డబ్ల్యూ-20 అని ఉంటే అదే. "మన ఎండలకు చిక్కటిది పోయాలి" అని ఎవరైనా 20డబ్ల్యూ-50 అంటగడితే ఒప్పుకోకు. ఆ రెండో అంకె 100 డిగ్రీల వేడి దగ్గర ఆయిల్ చిక్కదనానికి సంబంధించినది. బయట మే నెల అయినా డిసెంబరు అయినా, థర్మోస్టాట్ ఇంజన్‌ను ఇంచుమించు ఒకే వేడి దగ్గర ఉంచుతుంది. చిక్కటి ఆయిల్ పోస్తే పొద్దున్నే పైభాగాలకు చేరడానికి ఆలస్యమవుతుంది, అరుగుదల ఎక్కువ జరిగేదే అప్పుడు. నకిలీ డబ్బాలు కూడా తిరుగుతున్నాయి, సీలు చూసి బిల్లు ఇచ్చే దుకాణంలోనే కొను.

నువ్వే చేసుకోవాలంటే బండిని ఏటవాలు ర్యాంపుల మీదికి ఎక్కించు లేదా స్టాండ్లు పెట్టు. ఉత్త జాకీ మీద నిలబెట్టిన బండి కిందికి మాత్రం దూరకు. ఇంజన్ అయిదు నిమిషాలు తిప్పి ఆపితే ఆయిల్ పలచబడి సాఫీగా దిగుతుంది. పై మూత విప్పి ఉంచు. కింద చాంబర్, అంటే ఆయిల్ నిలిచే తొట్టి నట్టును పానతో వదులు చేశాక, చేత్తో లోపలికి నొక్కిపెట్టే తిప్పుతూ రా. చివరి మరలో ఒక్కసారిగా పక్కకు లాగెయ్, అప్పుడు మోచేతి దాకా కారదు. మొదట ధార దూరంగా చిమ్ముతుంది, తగ్గేకొద్దీ నిటారుగా పడుతుంది, బేసిన్ దానితోపాటు జరపాలి. తొందరపడకుండా చుక్క చుక్కగా పడేదాకా ఆగు.

ఫిల్టర్ దగ్గర ఒక్క జాగ్రత్త. పాతది ఊడదీశాక దాని రబ్బరు రింగు దానితోపాటే వచ్చిందో లేదో చూడు. ఇంజన్‌కే అంటుకుని ఉండిపోయి, దాని మీద కొత్తది బిగిస్తే ఆయిలంతా నేలపాలే. కొత్త రింగుకు వేలితో కాస్త ఆయిల్ రాసి, చేత్తో తిప్పి, ఆనిన తర్వాత ముప్పావు చుట్టు బిగిస్తే చాలు. నట్టుకు కొత్త వాషరు వెయ్యి. బలమంతా చూపించి బిగించకు, చాంబర్ మర చెడితే ఖర్చు వేరే లెక్కలో ఉంటుంది.

నీ బండికి మూడు లీటర్లకు కాస్త పైన పడుతుంది. ముందు రెండున్నర పోసి, డిప్‌స్టిక్ చూస్తూ మిగతాది పొయ్యి. పై గీత దాటనివ్వకు, ఎక్కువైతే ఇంజన్ అడుగున తిరిగే క్రాంక్ దాన్ని చిలికి నురగ చేస్తుంది. స్టార్ట్ చేశాక మీటరు దగ్గరి ఆయిల్ గుర్తు ఎర్ర దీపం కొన్ని క్షణాల్లో ఆరిపోవాలి. నిమిషం తిప్పి ఆపి, కింద కారుతోందేమో చూసి, కాసేపాగి మళ్లీ కొలువు.

పాత ఆయిల్‌ను మురుగుకాలువలో పోయకు. ఊళ్లో చెదలకని గుంజలకు పూసేవాళ్లం, అది కూడా వద్దు, చట్టం లెక్కలో అది ప్రమాదకర వ్యర్థం. 2024 ఏప్రిల్ 1 నుంచి ఆయిల్ తయారుచేసేవాళ్ల మీద కూడా దాన్ని తిరిగి శుద్ధి చేయించే బాధ్యత పెట్టారు. డబ్బాలో పట్టి, పాత ఆయిల్ డ్రమ్ము పెట్టుకున్న షెడ్డులో ఇచ్చెయ్.

ఇదంతా ఎందుకు, సర్వీసు సెంటరులోనే ఇస్తానంటావా, ఇవ్వు. పోయినసారి మా ఊళ్లో ఒకచోట నేను అడగకుండానే "ఇంజన్ ఫ్లష్", అంటే ఇంజన్ లోపల కడిగే పని అని బిల్లులో ఎక్కించారు. గొడవపడి తీయించాను. నువ్వు మొహమాటస్తుడివి, బండి ఇచ్చేటప్పుడే ఆయిల్, ఫిల్టర్, వాషరు తప్ప ఇంకేమీ వద్దని కాగితం మీద రాయించు. మార్చిన తేదీ, అప్పటి మీటరు అంకె ఫోనులో పెట్టుకో. నెలకోసారి చదునైన చోట డిప్‌స్టిక్ తీసి చూడు. ఇంకో మాట, ఆదివారాలు చెల్లెమ్మను, పిల్లను ఎక్కించుకుని జనగామ దాకా వెళ్లి రారా, బండికీ మంచిదే.

ఆదివారం ఫోను చేసేటప్పటికి ఆ మూత కింద ఏం కనిపించిందో చూసి ఉంచు.

నీ,
సూరి