చార్లెస్టన్ యాత్రలో చేసిన మార్పు గురించి మా ప్రయాణికులకు

మా వ్యానులో ఇదివరకు వచ్చినవారికీ, ఈ శరదృతువుకు సీట్లు అడిగి ఉంచినవారికీ నమస్కారం. ఉత్తర కరోలినాలోని షార్లెట్ నుంచి దక్షిణ కరోలినాలోని చార్లెస్టన్‌కు మేము నడిపే శనివారపు యాత్ర మారిన సంగతి మీలో చాలామందికి తెలిసింది. కొందరు ఫోను చేసి బాగుందన్నారు, కొందరు కట్టిన డబ్బు వెనక్కి ఇవ్వమన్నారు, ఇంకొందరు ఊరికే చిన్నబుచ్చుకున్నారు. ఒక్కొక్కరికీ వేరువేరుగా జవాబు చెప్పుకునే బదులు ఉన్నమాట అందరికీ ఒకేచోట రాయడం మేలనుకున్నాం.

జరిగింది ఇదీ. ఊరి బయట ఓక్ చెట్ల బాట ఉన్న ఒక పాత ఎస్టేటుకు తీసుకువెళ్లడం మానేశాము. ఫొటోలకు అంతకంటే మంచి చోటు దొరకదు, నిజమే. కానీ యజమానుల పింగాణీ సామాను, పందిరిమంచాలు చూపించి, ఆ సంపదను పండించిన బానిసల గురించి రెండు ముక్కలు చెప్పి పంపించే చోటికి మనిషికి అంత టిక్కెట్టు పెట్టించడం మాకు మనస్కరించలేదు. దానికి బదులుగా నగరం నడిబొడ్డునే ఉన్న ఐకెన్-రెట్ భవనానికి, ఎలిజబెత్ వీధి 48వ నంబరుకు, వెళుతున్నాము.

ఆ ఇంటిని 1820లో జాన్ రాబిన్సన్ అనే వ్యాపారి కట్టించాడు. ఓడలు మునిగి ఆయన చితికిపోగా, 1827లో విలియం ఐకెన్ అనే ధనికుడి చేతికి వచ్చింది. ఆయన కొడుకు, అదే పేరు గలవాడు, తరువాత దక్షిణ కరోలినా గవర్నరు అయ్యాడు. ఈ కుటుంబానికి జెహోసీ ద్వీపంలో వరిపొలాలు ఉండేవి. అక్కడ సుమారు 700 మంది బానిసలు పనిచేసేవారు. పొలం అక్కడ, మేడ ఇక్కడ. 1975 వరకు ఇల్లు ఆ వంశంలోనే ఉంది, ఇప్పుడు హిస్టారిక్ చార్లెస్టన్ ఫౌండేషన్ అధీనంలో ఉంది. వాళ్లు దానికి కొత్త రంగులు వేసి మెరిపించలేదు. ఉన్నది ఉన్నట్టు నిలిపి ఉంచారు కాబట్టి గోడకాగితాలు చిరిగి వేలాడుతుంటాయి, పెచ్చులు ఊడిన సున్నం కనిపిస్తుంది. "ఇంత పాడుబడ్డ కొంపకా తీసుకొచ్చారు" అని గుమ్మంలోనే అన్న పెద్దాయన ఒకరు ఉన్నారు. ఆయన చివరిదాకా చూశారు, తిరుగు ప్రయాణంలో మాత్రం ఏమీ అనలేదు.

బానిసత్వం అనగానే మనలో చాలామందికి పత్తిచేలు, కొరడా పట్టుకున్న మేస్త్రీ మనసులో మెదులుతారు. నగరంలో అది వేరే రూపంలో ఉండేది. 1860 జనాభా లెక్కల్లో చార్లెస్టన్ నగరంలో ఉన్న 40,522 మందిలో 13,909 మంది బానిసలు, అంటే ప్రతి ముగ్గురిలో ఒకరు. వాళ్లు ఎక్కడో దూరంగా వాడల్లో కాకుండా, యజమాని ప్రహరీగోడ లోపలే, ఆయన భోజనాల గదికి పిలిస్తే వినబడేంత దూరంలో బతికారు. పొలంలో కనీసం చీకటిపడ్డాక తమ గుడిసెల మధ్య తమవాళ్లతో ఉండే వీలు కొంత ఉండేది. ఇక్కడ అదీ తక్కువే.

అందుకే మేము ఆ ఇంట్లో ఎక్కువ సమయం పెరట్లోనే గడుపుతాము. మేడ వెనుక ఎత్తయిన గోడల మధ్య పొడవాటి ఆవరణ, అటొకటి ఇటొకటి రెండు ఇటుక కట్టడాలు. ఒకదాని కింది భాగంలో వంటిల్లు, చాకిరేవు గది. పైన బానిసల గదులు. మనిషి నిలబడేంత పొయ్యి ఉన్న ఆ వంటింట్లో నుంచి మెట్లెక్కి పైకి వెళితే, ఒక నడవ, దాని వెంట వరుసగా చిన్న గదులు. కింద రోజంతా మండిన పొయ్యి వేడి జూలై నెలలో పైగదుల్లో ఎలా ఉండేదో మన ఊళ్లలో రేకుల కింద పడుకున్నవారికి చెప్పనక్కరలేదు. ఆ కిటికీల దగ్గర నిలబడి చూడండి: ఎదురుగా కనిపించేది పెరడు, మేడ వెనుక భాగం. ఆ మేడ కిటికీల దగ్గర నిలబడిన వారికి కనిపించేది మీరు. కట్టడమే కాపలా కాసింది. ఎదుటి కట్టడంలో బండ్లు, గుర్రాలు ఉండేవి. ఆ సాలలో గుర్రాలను కట్టే చోట గోతిక్ తీరులో మొనదేలిన కమానులు తీర్చారు. మనుషుల గదులకు అంత ముచ్చట ఎవరూ పడలేదు.

ఈ ఇంట్లో పనిచేసినవారిలో పేర్లు దొరికినవారు కొందరే. ఆన్ గ్రెగ్స్, ఆమె కొడుకు హెన్రీ, సాంబో రిచర్డ్‌సన్, డోర్కస్ రిచర్డ్‌సన్, వారి పిల్లలు, చార్లెస్ జాక్సన్. మా గైడు ఈ పేర్లను ఆ గదుల్లోనే నిలబడి చదువుతారు.

నగర బానిసత్వంలో ఇంకో పద్ధతి ఉంది, అది వ్యాపారస్థుడిగా నన్ను బాగా పట్టి నిలిపింది. యజమాని తన బానిసను ఇతరుల దగ్గర పనికి కిరాయికి పంపేవాడు, కూలి డబ్బులు తాను తీసుకునేవాడు. దానికి నగరపాలక సంస్థ ఏటా రుసుము వసూలు చేసి ఒక రాగిబిళ్ల ఇచ్చేది. బిళ్ల మీద చార్లెస్టన్ అనే పేరు, ఆ సంవత్సరం, ఒక నంబరు, హమాలీయో పనిమనిషో జాలరో తెలిపే ఒక మాట చెక్కి ఉంటాయి. మీద తీగ దూర్చడానికి ఒక రంధ్రం. సంవత్సరం మారితే పాత బిళ్ల చెల్లదు. మన కారు నంబరుప్లేటుకు ఏడాదికోసారి పన్ను కట్టినట్టే మనిషి మీద కట్టారన్నమాట. అవి చార్లెస్టన్ మ్యూజియంలో ఉన్నాయి, మధ్యాహ్నం అక్కడ ఆగుతాము.

గోడలు అంత ఎత్తున ఎందుకున్నాయని చాలామంది అడుగుతారు. 1822లో డెన్మార్క్ వీసీ అనే వడ్రంగి బానిసల తిరుగుబాటుకు పథకం వేశాడని బయటపడింది. ఈయన అంతకుముందే, 1799లో, లాటరీలో గెలిచిన డబ్బులోంచి 600 డాలర్లు పెట్టి తన స్వేచ్ఛను కొనుక్కున్నవాడు. వీసీతో కలిపి 35 మందిని ఉరితీశారు. ఆ భయం తరువాత నగరం రూపులోనే కనిపిస్తుంది: కింగ్ వీధిలో మైల్స్ బ్రూటన్ ఇంటి కంచె మీద ఈటెల్లాంటి ఇనుప ముళ్లు అప్పుడు బిగించినవే. వ్యాను ఆ వీధిలో మెల్లగా పోనిస్తాము. ఇంట్లో కొట్టడం ఇష్టంలేని యజమానులు బానిసలను వర్క్‌హౌస్ అనే నగర నిర్బంధశాలకు పంపి, రుసుము కట్టి అక్కడ కొట్టించేవారు. ఆ కట్టడం ఇప్పుడు లేదు. చివరగా చామర్స్ వీధిలోని ఓల్డ్ స్లేవ్ మార్ట్. వీధుల్లో బానిసల బహిరంగ వేలాన్ని నగరం 1856లో నిషేధించినప్పుడు అమ్మకాలు నాలుగు గోడల మధ్యకు చేరిన చోటు అది.

"అమ్మానాన్నలు ఇండియా నుంచి ఆరు నెలలు ఉండటానికి వచ్చారు, వాళ్లకు ఈ ఏడుపులు చూపించడమెందుకు" అన్నవారికి నా జవాబు ఒకటే: పెద్దవాళ్లే దీన్ని ఎక్కువ పట్టించుకుని చూస్తున్నారు. జనగామ వైపు నుంచి వచ్చిన ఒక పెద్దమ్మ ఆ పైగదుల్లో తిరిగి, తన చిన్నతనంలో ఊరి దొర గడీలో వెట్టిచాకిరీ చేసిన ఆడబాపల గురించి, దొర కూతురి పెళ్లిలో సారెతో పాటు ఆడపిల్లను కూడా పంపడం గురించి, అడగకుండానే చెప్పారు. రెండూ ఒకటి కావు. ఇక్కడ మనిషి చట్టప్రకారం ఆస్తి, వీలునామాలో రాసి ఇవ్వదగ్గ వస్తువు. కానీ ఆ పెరడు ఎలా నడిచేదో ఆమెకు మాకంటే త్వరగా అర్థమైంది.

ఇక డబ్బు సంగతి. మార్పు ప్రకటించాక బుకింగులు తగ్గాయి, దాచడానికేమీ లేదు. పుట్టినరోజు బృందాలు, పెళ్లికి ముందు ఫొటోలకు వచ్చేవాళ్లు దాదాపు మానేశారు. వ్యాను నిండకపోయినా డీజిలు అంతే అవుతుంది కాబట్టి సీటుకు 15 డాలర్లు పెంచక తప్పలేదు. టిక్కెట్లు అందులోనే కలిసి ఉన్నాయి, భోజనం కూడా: పులిహోర, పెరుగన్నం, ఎవరైనా అడిగితే చపాతీ. పాత ఎస్టేటు యాత్ర మళ్లీ మొదలుపెట్టే ఆలోచన లేదు.

పెద్దవాళ్లను పంపేవారు రెండు విషయాలు గమనించాలి. భవనంలో ఏసీ లేదు, మేడ మీదికీ బానిసల గదుల్లోకీ మెట్లెక్కే వెళ్లాలి. మోకాళ్ల నొప్పులున్నవారు పెరట్లో మాగ్నోలియా చెట్ల కింద కూర్చోవచ్చు, మడత కుర్చీలు మేము తెస్తాము. అక్కడ వినిపించే ఆడియో ఇంగ్లీషులో ఉంటుంది, దాని సారాంశం తెలుగులో అచ్చువేసి వ్యానులోనే ఇస్తాము. పదేళ్లలోపు పిల్లలకు స్లేవ్ మార్ట్ వద్దనుకుంటే ఆ సమయానికి బ్యాటరీ పార్కులో మా మనిషి తోడుంటారు.

పాత ధరకు ముందే కట్టినవారి దగ్గర అదనంగా తీసుకోము. రద్దు చేసుకోదలచినవారు ప్రయాణానికి వారం ముందు చెబితే పూర్తి మొత్తం, ఆ తరువాత చెబితే సగం తిరిగి ఇస్తాము.