మునసబు పుస్తకాలు మట్టిలో కలవకముందే: రెవెన్యూ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రెవెన్యూ శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో పెద్దపండక్కి పెద్దలకు బట్టలు పెట్టి పేర్లు తలుచుకుంటారు. మూడో తరం దాటితే చాలా ఇళ్లలో పేరు నోటికి రాదు. జమీందారుల వంశావళులు అచ్చులో ఉన్నాయి. నాగలి పట్టినవాడి పేరు, ఊడ్పులకు పోయినామె పేరు తహసీల్దారు కార్యాలయం రికార్డు రూములో, చెదలు పట్టిన పుస్తకంలో ఒక్క వరుసగా మిగిలి ఉన్నాయి. ఆ పుస్తకాలను, ముఖ్యంగా ఊరి అధికారి అయిన మునసబు రాసిన జనన మరణాల పుస్తకాలను, కాపాడమని అడగడానికే ఈ లేఖ.

ముత్తాత జాడ వెతికేటప్పుడు పేరు వెంట పడితే దారి తప్పుతాం. మనవడికి తాత పేరు పెట్టడం మన ఆనవాయితీ. అందుకే ఒకే ఇంటిపేరుతో అప్పలస్వామి తరం విడిచి తరం మళ్లీ ప్రత్యక్షమవుతాడు. సింహాచలం అని ఉంటే ఆడమనిషో మగమనిషో కూడా చెప్పలేం. అందుకని సర్వే నంబరు పట్టుకోవాలి. ఇప్పటి వన్-బి (భూమి ఖాతా వివరాల పత్రం)లోని నంబరుతో వెనక్కి నడిస్తే, ఎస్టేటు (జమీందారీ) గ్రామమైతే సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్ దగ్గరకు చేరతాం. 1948 చట్టంతో జమీందారీలు రద్దయ్యాక సర్కారు పట్టా మొదట ఎవరి పేర పడిందో అందులో తెలుస్తుంది. ఇనాం (మాన్యం) భూమైతే ఇంకా లోతుకు పోవచ్చు. 1860ల నాటి ఇనాం ఫెయిర్ రిజిస్టరులో మాన్యం అనుభవిస్తున్నవారి పేరు, వయసు, మొదట మాన్యం పొందినవారితో చుట్టరికం రాసి ఉంటాయి. మంగలి, చాకలి, కుమ్మరి మాన్యాల వివరాలు కూడా దొరుకుతాయి కాబట్టి ఇది మామూలు కుటుంబాలకు పెన్నిధి.

తేదీల దగ్గర చాలామంది పొరబడతారు. పాత దస్త్రాల్లో ఉండే ఫసలీ అంటే జూలైలో మొదలయ్యే రెవెన్యూ సంవత్సరం, దానికి 590 కలపాలి: ఫసలీ 1362 అంటే 1952 జూలై నుంచి 1953 జూన్ దాకా. దస్తావేజులో ‘వికారి నామ సంవత్సరం’ అని మాత్రమే ఉంటే అది 1899 కావచ్చు, 1959 కావచ్చు. అప్పుడు స్టాంపు కాగితం పైభాగం చూడాలి. విక్టోరియా రాణి తల ఉంటే మొదటిది, నాలుగు సింహాల ముద్ర ఉంటే రెండోది.

అన్నిటికన్నా ఎక్కువ కాలం వృథా అయ్యేది జిల్లా తెలియక. సోంపేట 1936 దాకా గంజాం జిల్లా, ఆ తర్వాత విశాఖపట్నం, 1950 నుంచి శ్రీకాకుళం. బొబ్బిలి 1950 దాకా విశాఖపట్నం, 1979 దాకా శ్రీకాకుళం, ఇప్పుడు విజయనగరం. రాజాం 2022లో శ్రీకాకుళం నుంచి విజయనగరానికి, పాలకొండ పార్వతీపురం మన్యానికి మారాయి. 1985లో మండలాలు వచ్చినప్పుడు తాలూకా దస్త్రాలు విడిపోయాయి. కొన్ని ఊళ్లవి పాత తాలూకా కేంద్రంలోనే ఉండిపోయాయి. దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కు, మారిషస్‌కు కూలీలుగా ఓడెక్కినవాళ్ల కాగితాల్లో జిల్లా, తాలూకా, ఊరు, తండ్రి పేరు ఉంటాయి. అందులో ‘గంజాం, చికాకోల్’ అని చూసి, గంజాం ఇప్పుడు ఒడిశాలో ఉంది కాబట్టి, వాళ్ల మునిమనవలు అక్కడ వెతుకుతారు. చికాకోల్ అంటే మన శ్రీకాకుళమే.

భూమి ఉన్నవారికి నంబరైనా ఉంది. సెంటు భూమి లేని పాలేరుకు, కూలికి సర్కారు కాగితంలో మిగిలింది మునసబు రాసిన జనన మరణాల పుస్తకం ఒక్కటే. అది చదవడానికీ ఒక పద్ధతి ఉంది. పేరు పెట్టకముందే నమోదు చేసేవారు కాబట్టి బిడ్డ పేరు గడిలో చాలాసార్లు ఏమీ ఉండదు. ‘మగ’ అనో ‘ఆడ’ అనో ఉంటుంది. తండ్రి పేరు, కులం, ఊరు కలిపి చూసుకోవాలి. బిడ్డ పేరుతో వెతికి, కనపడక ‘రికార్డు లేదు’ అని పత్రం ఇచ్చేస్తే, ఉన్న మనిషిని లేడని తేల్చినట్టే.

1984లో కరణం, మునసబు పదవులు రద్దయ్యాక ఈ పుస్తకాలకు దిక్కు లేకుండా పోయింది. భూమి రికార్డుకు తగాదా వస్తుంది కాబట్టి ఎవరో ఒకరు కాపలా కాస్తారు, వీటికి అదీ లేదు. పాత సిరా కాగితాన్ని తినేసి అక్షరం ఉన్నచోట చిల్లు పడుతోంది. చిరిగినచోట అంటించిన టేపు పసుపెక్కి కింది అక్షరాన్ని మింగేస్తోంది. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను శ్రీకాకుళం జిల్లా ఉద్దానాన్ని ఊడ్చేసింది. అలాంటి గాలి మరొకటి వస్తే కారే పైకప్పు కింద ఉన్న కట్టల గతి ఏమిటో మీరే ఆలోచించండి.

అయ్యా, మొదట జనన మరణాల పుస్తకాలనే స్కాన్ చేయించండి. భూమి దస్త్రాలు ఆ తర్వాత. కుట్లు విప్పొద్దు, లామినేషన్ వద్దు, టేపు వద్దు. రంగుల్లో, పేజీ నాలుగంచులూ కనపడేలా, ఖాళీ పేజీలు కూడా వదలకుండా తీయాలి. ఒక్కో ఫైలుకు ఊరు, పాత తాలూకా, సంవత్సరం పేరుగా పెట్టాలి. గొలుసుకట్టు రాత చదవగల వృద్ధులు ఊళ్లలో ఇంకా ఉన్నారు. గౌరవవేతనం ఇచ్చి వాళ్లను ఇప్పుడే కూర్చోబెట్టండి. ఏ ఊరు ఏ ఏడు ఏ జిల్లాలో ఉందో, దాని పుస్తకాలు ఇవాళ ఏ గదిలో ఉన్నాయో చెప్పే పట్టిక ప్రతి సచివాలయం గోడకూ అంటించండి.

మరొకటి, ఇది ఆలస్యం చేయలేనిది. రీసర్వే అయిన గ్రామాల్లో పాత సర్వే నంబర్లు పోయి ల్యాండ్ పార్సిల్ నంబర్లు వచ్చాయి. పాత నంబరుకు కొత్త నంబరు ఏదో చూపే జాబితాను ఊరి వారీగా బయట పెట్టండి. రిజిస్ట్రేషన్ ఈసీ (ఆస్తి లావాదేవీలు చూపే పత్రం) కంప్యూటర్లో 1983 నుంచే కనపడుతుంది. అంతకు ముందు నాటి పేర్ల ఇండెక్సు పుస్తకాలను కూడా స్కాన్ చేయించి, సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో అడిగినవారు చూసుకునే వీలు కల్పించండి.

ఇట్లు,
ఉత్తరాంధ్ర పాత దస్త్రాల్లో వంశవివరాలు వెతికేవాళ్లం