వార్షిక నివేదిక 2025-26: విశ్వవిద్యాలయాల కంప్యూటర్ పరిశోధన, మన సంఘం పని

గౌరవనీయులైన సభ్యులకు కార్యవర్గం తరఫున నమస్కారాలు.

గత సర్వసభ్య సమావేశం తీర్మానించిన ప్రకారం, ఈ ఏడాది సంఘం కార్యక్రమాలను నెలకొక అంశం చొప్పున కాకుండా ఒకే విషయం చుట్టూ నడిపాం. కంప్యూటర్ శాస్త్రం, సమాచార వ్యవస్థలు, చదువులో సాంకేతికత అనే మూడు రంగాల్లో విశ్వవిద్యాలయాలు ఏం పరిశోధిస్తున్నాయి, అందులో మన ఊరి జనానికి అందేది ఎంత అన్నది ఆ విషయం. 1926 ఏప్రిల్ 26న బెజవాడలో మొదలై, తర్వాత వాల్తేరుకు తరలివచ్చిన ఆంధ్ర విశ్వవిద్యాలయం నూరేళ్లు నిండే సంవత్సరం కావడమే ఆ రోజు చెప్పుకున్న కారణం. అక్టోబరులో గూగుల్ సంస్థ విశాఖలో ఐదేళ్లలో 1500 కోట్ల డాలర్లతో కృత్రిమ మేధ కేంద్రం పెడతామని ప్రకటించాక మన సమావేశాలకు వచ్చేవారి సంఖ్య ఒక్కసారిగా పెరిగింది. వచ్చినవారిలో ఎక్కువమంది ఉద్యోగాల గురించే అడిగారు. అది సహజమే అయినా, డేటా సెంటర్ కట్టడం వేరు, పరిశోధన వేరు అని ప్రతి సమావేశంలోనూ మళ్లీ మొదటినుంచి చెప్పుకోవలసి వచ్చింది.

ఏడాది పొడవునా వేర్వేరు చోట్ల వేర్వేరు మాటల్లో బయటపడిన సంగతిని కార్యవర్గం మీ ముందుంచుతోంది. పరిశోధన మన ఇళ్లకు ప్రశ్నావళిగా వస్తోంది కాని, ఫలితంగా తిరిగి రావడం లేదు. ఈ నివేదికలో ఎక్కువ భాగం దాని గురించే.

నెలవారీ ఉపన్యాసాలు

మొదటి ఉపన్యాసం మూడు రంగాలకూ తేడా చెప్పడానికే సరిపోయింది. యంత్రం ఏం చేయగలదో, ఎంత వేగంగా చేయగలదో చూసేది కంప్యూటర్ శాస్త్రం. అదే యంత్రాన్ని ఒక కార్యాలయంలోనో, ఆసుపత్రిలోనో, రేవులోనో పెట్టాక మనుషుల పని ఎలా మారిందో చూసేది సమాచార వ్యవస్థల రంగం. దానితో పిల్లలు నిజంగా ఏమైనా నేర్చుకున్నారా అని చూసేది మూడోది. మొదటిదానికి పేరుప్రతిష్ఠలు ఎక్కువ. అప్పటి చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో పుట్టిన రాజ్ రెడ్డి గారికి 1994లో కంప్యూటర్ శాస్త్రంలో అత్యున్నతమైన ట్యూరింగ్ పురస్కారం వచ్చిన సంగతి, మనిషి మాటను గుర్తించే యంత్రాల మీద ఆయన దశాబ్దాలపాటు పనిచేసిన సంగతి సభలో చాలామందికి ముందే తెలుసు. మిగతా రెండు రంగాలలో ఒక్క పరిశోధకుడి పేరైనా చెప్పమంటే సభ మౌనంగా ఉండిపోయింది. మన నిత్యజీవితాన్ని ఎక్కువగా తాకేవి మాత్రం ఆ రెండే.

తెలుగు లిపి మీద జరిగిన ఉపన్యాసం అనుకున్నదానికంటే ఎక్కువసేపు సాగింది. ప్రపంచ లిపుల అక్షరాలకు సంకేతాలు కేటాయించే ప్రమాణమైన యూనికోడ్‌లో తెలుగుకు 128 స్థానాల గది ఉంది. ‘క్షి’ అని మనం ఒక్క అక్షరంగా రాసేదాన్ని యంత్రం క, పొల్లు, ష, గుడి అనే నాలుగు సంకేతాలుగా దాచుకుంటుంది. ఆ సంకేతాలను నిల్వచేసే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్క తెలుగు సంకేతానికి 3 బైట్ల చోటు పడుతుంది కనుక ఆ ఒక్క అక్షరానికే 12 బైట్లు కావాలి. ఆంగ్ల అక్షరానికి ఒక బైటు చాలు. చాట్‌జీపీటీ వంటివాటి వెనక ఉండే పెద్ద భాషా నమూనాలు పాఠాన్ని చిన్న ముక్కలుగా నరికి చదువుతాయి. ఆంగ్లం ఎక్కువగా చూసి తయారైన నమూనా తెలుగు వాక్యాన్ని మరీ చిన్న ముక్కలు చేస్తుంది కాబట్టి, అదే విషయానికి తెలుగులో ఎక్కువ ఖర్చు, ఎక్కువ సమయం అవుతాయి. దీన్ని సరిదిద్దే పని భారతీయ విశ్వవిద్యాలయాల్లో కొత్తదేమీ కాదు. పాణినీయ పద్ధతిని ఆధారం చేసుకుని భారతీయ భాషల మధ్య యంత్రానువాదం మీద హైదరాబాదులో ఏళ్ల తరబడి పరిశోధన జరిగింది. మద్రాసు ఐఐటీలోని ఏఐ4భారత్ బృందం 22 భాషలకు అనువాద నమూనాలు తయారుచేసి అందరికీ తెరిచి ఉంచింది. అయినా ఉత్తరాంధ్ర మాటతీరును ఈ యంత్రాలు ఎంతవరకు పట్టుకుంటాయని ఒక సభ్యురాలు అడిగిన ప్రశ్న మంచి సిద్ధాంత గ్రంథానికి (థీసిస్‌కు) సరిపోయే ప్రశ్న అని కార్యవర్గం అభిప్రాయం. మన ఊరి పరిశోధక విద్యార్థులు ఎవరైనా దాన్ని అందుకుంటారని ఆశిస్తున్నాం.

ప్రశ్నావళుల సంగతి

సమాచార వ్యవస్థల రంగంలో రెండు నమూనాలు చాలాకాలంగా రాజ్యమేలుతున్నాయి. 1989లో ఫ్రెడ్ డేవిస్ ప్రతిపాదించిన సాంకేతికత స్వీకరణ నమూనా మొదటిది. ఒక వ్యవస్థ తనకు ఉపయోగపడుతుందని, వాడడం తేలికని మనిషి అనుకుంటే దాన్ని వాడతాడని దాని సారాంశం. డెలోన్, మెక్లీన్ 1992లో ప్రకటించి 2003లో సవరించిన సమాచార వ్యవస్థల విజయ నమూనా రెండోది. రెండూ గట్టి పనులే. అయితే వీటిని ప్రశ్నావళిగా మార్చడం మరీ తేలిక కావడంతో, ఎంబీఏ ప్రాజెక్టు మొదలుకొని పీహెచ్‌డీ దాకా ఒకే అచ్చులో పోసిన ప్రశ్నలు మన వాట్సాప్ గ్రూపులోకి వస్తున్నాయి. 1 నుంచి 5 దాకా ఏదో ఒక గడి నొక్కమంటారు. తెలిసిన కుర్రాడు పంపాడు కదా అని మన సభ్యులు మొహమాటానికి అన్నిటికీ మధ్య గడి నొక్కేసి పంపిన సందర్భాలు ఉన్నాయని చర్చలో బయటపడింది. మన గ్రూపులో సగానికి మించి విశ్రాంత ఉద్యోగులే. వారి జవాబులను పోగుచేసి ‘విశాఖ ప్రజల అభిప్రాయం’ అని రాస్తే అందులో పెందుర్తి కూలీ, గాజువాక కార్మికుడు, రేవులో వల బాగుచేసుకునే మనిషి ఎక్కడున్నట్టు? చేతికి అందిన వారినే అడిగి ఊరంతటి మాటగా చెప్పడం పరిశోధన పద్ధతికి సంబంధించిన లోపం. అది ఒక్క మన ఊరికి పరిమితమైనదేమీ కాదు.

వాట్సాప్ ద్వారా ప్రభుత్వ సేవలు అందించడానికి 2025 జనవరి 30న 161 సేవలతో మొదలైన ‘మన మిత్ర’ మీద జరిగిన చర్చలో ఈ లోపం మరో వైపునుంచి కనిపించింది. తమ ఇంటి పన్ను, కరెంటు బిల్లు హైదరాబాదులోనో బెంగళూరులోనో ఉన్న పిల్లలే కడుతున్నారని చాలామంది పెద్దలు చెప్పారు. సేవ అందుకునేవారు ఒకరు, ఫోను నొక్కేవారు మరొకరు. అలాంటప్పుడు ‘వాడుకరికి తేలికగా ఉందా’ అన్న ప్రశ్న ఎవరిని అడగాలి? 1998లో మన రాష్ట్రంలో రిజిస్ట్రేషన్ల శాఖను కంప్యూటరీకరించిన కార్డ్ పథకం నాటినుంచి ఇ-పాలన మీద ఎన్నో పరిశోధనలు వెలువడ్డాయి. ఇంటిని ఒక గుంపుగా తీసుకుని, అందులో ఎవరు ఎవరి తరఫున ఏం చేస్తున్నారో నిదానంగా కనుక్కునే అధ్యయనాలు ఇంకా రావాలి.

మంచి పరిశోధన ఎలా ఉంటుందో చూపడానికి ఆర్థికవేత్త రాబర్ట్ జెన్సెన్ 2007లో ప్రచురించిన కేరళ అధ్యయనాన్ని పెదజాలరిపేట నుంచి వచ్చిన మత్స్యకారులతో కలిసి చదివాం. 1997-2001 మధ్య సెల్‌ఫోన్లు వచ్చాక కవల (సార్డీన్) చేపల వేటగాళ్లు సముద్రం మీదనుంచే ఏ రేవులో ధర ఎంతుందో తెలుసుకోగలిగారు. రేవుకూ రేవుకూ మధ్య ధరల తేడా బాగా తగ్గింది, అమ్ముడుపోక పారబోసే సరుకు దాదాపుగా లేకుండా పోయింది, వేటగాళ్ల లాభం సగటున 8 శాతం పెరిగి కొనేవారికి ధర 4 శాతం తగ్గింది. జెన్సెన్ ఎవరి అభిప్రాయాన్నీ గడుల్లో అడగలేదు, ధరలు చూశాడు. దీనిమీద మత్స్యకారులు లేవనెత్తిన అభ్యంతరం ఆలోచించదగినది. బోటు యజమానికో వ్యాపారికో అప్పుపడ్డ మనిషికి ధర తెలిసినా సరుకు ఆయనకే ఇవ్వాలి కాబట్టి, ఫోను ఒక్కటే సరిపోదని వారన్నారు. ఉపగ్రహం అందించే సముద్ర ఉష్ణోగ్రత, పత్రహరితం వివరాల ఆధారంగా హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ పంపే చేపల జాడ సూచనలు మాత్రం ఉపయోగంగానే ఉన్నాయని చెప్పారు.

ఈ చర్చలన్నిటి తర్వాత, మన సభ్యులనుంచి సమాచారం కోరే విద్యార్థులకు కార్యవర్గం నాలుగు షరతులు పెట్టింది. గైడ్ సంతకంతో కళాశాల ఉత్తరం తేవాలి. ప్రశ్నలు తెలుగులోనూ ఉండాలి. ఆధార్, బ్యాంకు, ఆరోగ్య వివరాలు అడగకూడదు. పని పూర్తయ్యాక మన నెలవారీ సమావేశానికి వచ్చి ఏం తేలిందో తెలుగులో చెప్పాలి. 2023 నాటి వ్యక్తిగత డిజిటల్ డేటా రక్షణ చట్టం వచ్చాక మూడో షరతుకు ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. నాలుగోదానితోనే చిక్కు వచ్చింది. గడువు ముంచుకొస్తోందని కొందరు వేరే గ్రూపులు చూసుకున్నారు. ఒప్పుకుని, చెప్పిన ప్రకారం తిరిగివచ్చినవారు తక్కువమందే అయినా, ఆ సమావేశాలే ఈ ఏడాది మనకు దక్కిన అసలు లాభమని కార్యవర్గం భావిస్తోంది. షరతులు మరీ కఠినంగా ఉన్నాయని, పిల్లల చదువుకు అడ్డుపడుతున్నామని కొందరు సభ్యులు రాసి పంపిన అభిప్రాయాన్ని కూడా ఇక్కడ నమోదు చేస్తున్నాం.

బడిలో చేసిన పని

నగరంలోని ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలకు ట్యాబులు కొనిస్తామని ఒక దాత ముందుకు వచ్చినప్పుడు, కార్యవర్గం వెంటనే ఒప్పుకోకుండా ఈ రంగంలో తేలిన విషయాలు ముందు చదివింది. పెరూ దేశపు పల్లె బడుల్లో పిల్లలకు లాప్‌టాప్‌లు పంచినప్పుడు లెక్కల్లోనూ భాషలోనూ మార్కులు పెరగలేదు. వడోదరలో నాలుగో తరగతి పిల్లలకు వారానికి 2 గంటలు కంప్యూటర్ మీద లెక్కల ఆటలు ఆడించినప్పుడు మార్కులు బాగానే పెరిగాయి కాని, కార్యక్రమం ఆగిన ఏడాదికి ఆ లాభంలో చాలా భాగం తరిగిపోయింది. ఢిల్లీలో ఆర్థికవేత్త కార్తీక్ మురళీధరన్ బృందం చేసి 2019లో ప్రచురించిన అధ్యయనంలో, పిల్లవాడు ఏ తరగతిలో ఉన్నాడని కాక అతనికి నిజంగా ఏ మెట్టు దాకా వచ్చో చూసి పాఠం ఇచ్చే సాఫ్ట్‌వేర్‌తో నాలుగున్నర నెలల్లో లెక్కల్లో 0.37 ప్రామాణిక విచలనం (పిల్లల మార్కులు సగటు నుంచి ఎంత ఎడంగా ఉంటాయో చెప్పే కొలత) మేర మెరుగుదల కనిపించింది. ఈ మూడు అధ్యయనాలూ కలిపి చూస్తే పరికరం కంటే పిల్లవాడి మెట్టు తెలుసుకోవడం ముఖ్యమని అర్థమవుతోంది.

అందుచేత దాతను ఒప్పించి, కొత్త ట్యాబులకు బదులు బడిలో ఉన్న పాత కంప్యూటర్ గదినే బాగుచేయించాం. మన సభ్యుల్లోని విశ్రాంత ఉపాధ్యాయులు పిల్లలకు మొదట మెట్టు పరీక్ష పెట్టి, దాన్నిబట్టి సాయంత్రాలు జట్లుగా కూర్చోబెట్టారు. చివర్లో పెట్టిన పరీక్షలో పిల్లలు మునుపటికంటే బాగా రాశారు. అయితే పోల్చి చూడడానికి ఈ పని జరగని మరో బడి మన లెక్కలో లేదు కాబట్టి, అది మన వల్లే జరిగిందని కార్యవర్గం చెప్పదలచుకోలేదు. కరెంటు పోయిన సాయంత్రాలు బల్ల మీద పలకలతోనే పాఠం నడిచింది, పిల్లలకు అదేమీ వెలితిగా అనిపించినట్టు లేదు.

పత్రికలు, సిద్ధాంత గ్రంథాలు

సభ్యుల పిల్లలకు పరిశోధన పత్రాలు వెతకడంలో సాయపడే శనివారపు బల్ల ఈ ఏడాదీ కొనసాగింది. విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2009 నిబంధనల తర్వాత సిద్ధాంత గ్రంథాలు చేరుతున్న ఆన్‌లైన్ భాండాగారం శోధగంగలో వెతకడం, 2003నుంచి ఉన్న ఐఐటీల ఆన్‌లైన్ పాఠాలు ఎన్‌పీటెల్‌లో కావలసినవి ఎంచుకోవడం వంటి పనులే ఎక్కువ. 2025 జనవరి 1న అమల్లోకి వచ్చిన ‘ఒక దేశం ఒక చందా’ పథకం కింద 30 మంది ప్రచురణకర్తల పత్రికలు, దాదాపు 13,000, ప్రభుత్వ విద్యాసంస్థలకు అందుబాటులోకి వచ్చాయి. ఇది గొప్ప మేలు. అయితే మన ఊరి ఇంజినీరింగ్ విద్యార్థుల్లో ఎక్కువమంది చదివేది ప్రైవేటు కళాశాలల్లో. ప్రభుత్వ సంస్థల విద్యార్థులకు దొరికినవి వారికి ఈ పథకం కింద దొరకవు. రచయితలే ఉచితంగా పెట్టిన ప్రతులు వెతుక్కోవడం వారికి నేర్పడం శనివారపు బల్ల దగ్గర అసలు పనిగా మారింది.

డబ్బు కడితే వారంలో అచ్చువేస్తామనే పత్రికల గురించి హెచ్చరిక మళ్లీ చేస్తున్నాం. థీసిస్ సమర్పణకు ముందు పత్రం అచ్చయి తీరాలన్న నియమాన్ని యూజీసీ 2022లోనే తొలగించింది. మంచి పత్రికల జాబితాగా ఉన్న కేర్ జాబితాను 2025లో ఆపేసింది. ఇక పత్రిక మంచిచెడ్డలు చూసుకోవలసిన బాధ్యత గైడ్ మీద, విశ్వవిద్యాలయం మీదే ఉంది.

లెక్కలు, రాబోయే ఏడాది

ఆడిట్ అయిన జమాఖర్చుల పట్టికను కోశాధికారి విడిగా సమర్పిస్తున్నారు. ఉపన్యాసాలకు వచ్చిన అధ్యాపకులెవరూ పారితోషికం తీసుకోలేదు. వారికీ, హాలు ఇచ్చినవారికీ, బడి ప్రధానోపాధ్యాయులకూ కృతజ్ఞతలు. సభ్యత్వ చందా పెంచాలన్న ప్రతిపాదన ఈసారికి లేదు.

రెండు తీర్మానాలు మీ ఆమోదానికి పెడుతున్నాం. ప్రశ్నావళులకు పెట్టిన నాలుగు షరతులనూ మన నియమావళిలో చేర్చడం మొదటిది. మన ఊళ్లో సమాచారం సేకరించి చేసిన సిద్ధాంత గ్రంథాలకు రెండు పేజీల తెలుగు సారాంశాలు రాయించి, ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో ఉంచడానికి అక్కడి వారిని, విశ్వవిద్యాలయాలను కోరడం రెండోది. రెండోదానిమీద అభ్యంతరాలుంటే సమావేశంలోనే లేవనెత్తవలసిందిగా కోరుతున్నాం, ఎందుకంటే ఆమోదం పొందిన వెంటనే ఉత్తరాలు వెళ్తాయి.

కార్యవర్గం తరఫున,
కార్యదర్శి
విశాఖపట్నం