బొమ్మల గేయాల పుస్తకాలకు తాళం ఎందుకు?

సంపాదకులకు నమస్కారం.

బడులకు నిధులిచ్చే కేంద్ర పథకం సమగ్ర శిక్ష కింద ప్రాథమిక పాఠశాలకు ఏటా రూ.5,000 వరకు లైబ్రరీ గ్రాంటు ఇచ్చే వీలుంది. మా చుట్టుపక్కల నేను చూసిన బడుల్లో మాత్రం పుస్తకాలు ఎక్కువగా బీరువాలోనే ఉంటున్నాయి. టీచర్ల బద్ధకం అనుకోకండి, అది భయం. స్టాక్ రిజిస్టర్‌లో ఎక్కిన పుస్తకం ఒకటో తరగతి పిల్లల చేతిలో పడితే నెల తిరగకముందే అట్ట ఊడుతుంది. తనిఖీలో జవాబు చెప్పుకోవాల్సింది టీచరే.

ఈ తాళం వల్ల ఎక్కువగా మూలన పడుతున్నవి బొమ్మల గేయాల పుస్తకాలు. పుస్తకమంతా ఒకటే గేయం, పేజీకి ఒకటి రెండు పాదాలు, మిగతాదంతా బొమ్మ. 'కోతి ఎక్కె కొమ్మ, కింద నిలిచె...' అని చదివి, పేజీ తిప్పకుండా పిల్లల వైపు చూశామనుకోండి. సగం మంది 'అమ్మ' అంటారు, ఎవడో ఒకడు 'బొమ్మ' అని అరుస్తాడు. ఇద్దరికీ ప్రాస దొరికినట్టే. పేజీ తిప్పితే తల్లి కోతి చేతిలో అరటిపండు. పాటలో దాని ఊసే లేదు! ఆ పండు ఎవరికని తగువు మొదలైతే, పాఠం చెప్పినప్పుడు నోరు విప్పని పిల్ల కూడా అందులో దూరుతుంది. ఆ వేడిలోనే కొమ్మ, అమ్మ, బొమ్మ, నిమ్మ అని బోర్డు మీద రాస్తే మ కింద మ వత్తు విడిగా దిద్దించే పని చాలావరకు తగ్గుతుంది.

పాఠ్యపుస్తకంలో గేయాలు లేవా అని అడుగుతారు. ఉన్నాయి, బాగానే ఉన్నాయి. కానీ గేయమంతా ఒక్కచోటే, ఆ వెంటనే ప్రశ్నలు. ఆగి ఊహించే వీలేదీ? 2022లో ప్రాథమిక తరగతుల పిల్లలకు చదవడం, లెక్కలు నేర్పే తొలిమెట్టు కార్యక్రమం వచ్చినప్పటి నుంచి ధారాళంగా చదివించమంటున్నారు. పిల్లలు విసుక్కోకుండా మళ్లీ మళ్లీ చదివేది గేయమే కదా. ఒకే టీచరు రెండు మూడు తరగతులను కలిపి కూర్చోబెట్టే బడుల్లో ఇది ఇంకా అక్కరకొస్తుంది. చిన్నవాళ్లు బొమ్మ చూసి పాడతారు, పెద్దవాళ్లు అక్షరం చూసి చదువుతారు.

బొమ్మ చూపిస్తూ పాట చెప్పడం మన ప్రాంతానికి కొత్తేమీ కాదు. ఒకప్పుడు వరంగల్ జిల్లాలో ఉన్న చేర్యాలలో నకాషీలనే చిత్రకారులు గుడ్డ మీద గీసిన పటాలు విప్పుతూ కూనపులివారు పద్మశాలీలకు మార్కండేయ పురాణం, డక్కలివారు మాదిగలకు జాంబ పురాణం చెప్పేవారు. ఎర్రటి రంగు మీద వరుసగా బొమ్మలు, బొమ్మకో ఘట్టం. మన చెరువుల మీద, బతుకమ్మ పూల మీద రాసిన పిల్లల గేయాలకు ఆ కళాకారులతోనే బొమ్మలు వేయించి, పాఠ్యపుస్తకాలు తయారుచేసే రాష్ట్ర సంస్థ ఎస్‌సీఈఆర్‌టీ ఎందుకు అచ్చు వేయకూడదు?

అది ఆలస్యమైనా సరే, ముందు ఒక్క సర్క్యులర్ కావాలి. వాడకంలో చిరిగిన పిల్లల పుస్తకాలను ఏడాది చివర ప్రధానోపాధ్యాయుల సంతకంతో స్టాక్ నుంచి తీసేయవచ్చని విద్యాశాఖ రాతపూర్వకంగా చెప్పాలి. కొనేటప్పుడు వెనక వరుసకూ కనిపించే పెద్ద సైజువి కొనాలి. చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే కాంప్లెక్స్ సమావేశాల్లో గేయం చదివి వినిపించడం టీచర్లతో సాధన చేయించాలి, లేకపోతే వీటికి కూడా అర్థాలు రాయించి, కంఠస్థం పెట్టి కూర్చుంటాం. జూన్‌లో బడులు తెరిచేలోగా ఆ ఉత్తర్వు వస్తే బీరువా తాళాలు మేమే తీస్తాం.

- ఒక ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయిని, హనుమకొండ జిల్లా