జన్యుక్రమం బయటపెట్టే ముందు ఇంట్లో అడగాలి

సంపాదకులు గారికి,

డీఎన్‌ఏలోని అక్షరాల వరుసను తెలిపే జన్యుక్రమ పరీక్ష చేయించుకున్నవారు ఆ వివరాలను పరిశోధనకు పనికివచ్చేలా బహిరంగ జీనోమ్ బ్రౌజర్లలో, అంటే జన్యుక్రమాన్ని పటంలా చూపే వెబ్‌సైట్లలో, ఉంచాలని ప్రోత్సహిస్తూ మీ విజ్ఞాన పుటలో వచ్చిన వ్యాసం చదివాను. ముప్పై ఏళ్లు డిగ్రీ విద్యార్థులకు జంతుశాస్త్రం బోధించినదాన్ని కనుక ఆ ఉత్సాహం నాకు అర్థమవుతుంది. అయితే ఆ వ్యాసం అడగని ప్రశ్న ఒకటి ఈ సంక్రాంతికి మా ఇంట్లోనే ఎదురైంది.

విదేశంలో ఉద్యోగం చేస్తున్న మా అన్నయ్య కొడుకు పండక్కి వచ్చి, శాంతాక్రూజ్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వారి బ్రౌజర్‌ను ల్యాప్‌టాప్‌లో తెరిచి చూపించాడు. పైన క్రోమోజోమ్ కొలత, దాని కింద జన్యువుల పేర్లు, ఆ కింద తాను ఎక్కించిన సొంత జన్యుక్రమపు వరుస. తన జన్యుక్రమం ప్రామాణిక క్రమంతో తేడాపడిన ప్రతిచోటా అక్కడొక చిన్న గీత ఉంది. 11వ క్రోమోజోమ్ మీద, గుండె కండరానికి సంబంధించిన ఎంవైబీపీసీ3 జన్యువు (తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, దీని ప్రతులు అందరిలో రెండుంటాయి) దగ్గర ఆగి, "అత్తా, ఇక్కడ నాకు ఒక ప్రతిలో 25 అక్షరాలు లేవు" అన్నాడు. హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు ఉన్న బృందం 2009లో వెల్లడించిన లోపమే అది. భారతీయుల్లో సుమారు నూటికి నలుగురిలో ఉంటుంది, గుండె వైఫల్యం ముప్పును పెంచుతుంది.

అలా ఎక్కించిన వరుస ఎక్కించినవారికి, వారు లింకు ఇచ్చినవారికి మాత్రమే కనిపిస్తుంది. మావాడు మాత్రం దాన్ని తన పేరుతోనే అందరి ముందూ పెడతానన్నాడు. ఒక ప్రతిలో లోపం ఉందంటే అది దాదాపు ఖాయంగా తల్లి నుంచో తండ్రి నుంచో వచ్చినట్టే. పైగా మా వదిన మా మేనమామ కూతురే కాబట్టి, అది ఏ వైపు నుంచి వచ్చినా మా అమ్మ పుట్టింటి నుంచి దిగివచ్చినదై ఉండవచ్చు, నాలోనూ ఉండవచ్చు, నా పిల్లల్లోనూ ఉండవచ్చు. మేనరికాలు తరతరాలుగా నడిచిన మన కుటుంబాల్లో ఒకరి జన్యుక్రమం బయటపడితే ఎంతమంది సంగతి బయటపడుతుందో లెక్క వేయడం కష్టం.

కొంత దాచుకుని మిగిలింది పెడితే సరిపోదా అని మా అన్నయ్య అడిగాడు. డీఎన్‌ఏ నిర్మాణాన్ని కనుగొన్న ఇద్దరిలో ఒకరైన జేమ్స్ వాట్సన్ 2007లో తన జన్యుక్రమాన్ని బహిరంగపరిచినప్పుడు అదే చేశారు. అల్జీమర్స్ ముప్పును సూచించే ఏపీఓఈ జన్యువును ఒక్కదాన్ని మినహాయించారు. పక్కనున్న అక్షరాలను బట్టి దాచినదాన్ని ఊహించవచ్చని వేరే శాస్త్రవేత్తలు హెచ్చరించిన తర్వాత, ఆ జన్యువు చుట్టూ 20 లక్షల అక్షరాల మేర తొలగించవలసి వచ్చింది. పేరు తీసేసినా పూర్తి రక్షణ లేదు. మన ఇంటిపేరు లాగే వై క్రోమోజోమ్ కూడా తండ్రి నుంచి కొడుక్కి వస్తుంది. దాని మీది గుర్తులను వంశావళి వెబ్‌సైట్లతో పోల్చి అమెరికా పరిశోధకులు 2013లో పేరులేని దాతల్లో సుమారు 50 మందిని గుర్తుపట్టారు.

ఇదంతా రాసి, అసలు ఎవరూ ఏమీ ఇవ్వకూడదని నేను అనడం లేదు. మనవాళ్ల సమాచారం తక్కువగా ఉండడం వల్ల నష్టపోతున్నది మనమే. బ్రిటన్‌లో స్థిరపడిన 102 మంది తెలుగువారి నమూనాలు 'వెయ్యి జన్యుక్రమాల' ప్రాజెక్టులో చేరాయి. వారి పేర్లు గానీ ఆరోగ్య వివరాలు గానీ సేకరించలేదు. ఒక జన్యుభేదం తెలుగువారిలో ఎంత తరచుగా ఉందో ఈనాడు బ్రౌజర్‌లో చూడగలుగుతున్నామంటే అది వారి చలవే. జీనోమ్ ఇండియా ప్రాజెక్టు 2025 జనవరిలో విడుదల చేసిన సుమారు 10,000 మంది సమాచారాన్ని ఫరీదాబాద్‌లోని సమాచార కేంద్రంలో ఉంచి, దరఖాస్తు చేసుకున్న పరిశోధకులకు షరతులతో ఇస్తోంది. వైద్యుడికి కావలసింది ఆ 25 అక్షరాల లోపం ఎంతమందిలో ఉందన్నదే తప్ప ఫలానావారి అబ్బాయిలో ఉందన్నది కాదు.

చట్టం ఆదుకుంటుందనుకోవడానికీ లేదు. వ్యక్తి తానే బహిరంగపరిచిన సమాచారానికి 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వర్తించదు. జన్యు వివరాలను బట్టి ఉద్యోగాల్లోనూ ఆరోగ్య బీమాలోనూ వివక్ష చూపకుండా అమెరికా 2008లో చేసుకున్నలాంటి ప్రత్యేక చట్టం మనకు లేదు. పెళ్లి సంబంధాల దగ్గర ఏమవుతుందో మీ పాఠకులకు నేను చెప్పనక్కర్లేదు.

కనుక నా మనవి ఇంతే. ఇలాంటి వ్యాసాలు వేసేటప్పుడు, పేరుతో బహిరంగపరచేవారు ముందుగా తల్లిదండ్రుల, తోబుట్టువుల సమ్మతి తీసుకోవాలని, పేరు అక్కర్లేదనుకునేవారు నియంత్రణ ఉన్న పరిశోధన సంస్థలకు ఇవ్వవచ్చని కూడా రాయండి. మావాడు ప్రస్తుతానికి ఆ వరుసను తన దగ్గరే ఉంచుకున్నాడు. అన్నయ్య, వదిన వచ్చే వారం గుండె ఎకో పరీక్షకు వెళుతున్నారు, వారితో పాటు నేనూ వెళుతున్నాను. నా పేరు వేస్తే వాళ్లెవరో మా ఊళ్లో ఇట్టే తెలిసిపోతుంది కాబట్టి దయచేసి పేరు లేకుండా ప్రచురించగలరు.

— విశ్రాంత జంతుశాస్త్ర అధ్యాపకురాలు, తూర్పు గోదావరి జిల్లా