మేఘాలయ కబుర్లు, మన ఇంటి సంగతులు

ఒరేయ్ చంటీ,

ఫొటోలు పెట్టావు కదా, ఇంకా ఉత్తరమెందుకురా అంటావు. ఆ ఫొటోల్లో ఏముంది? జలపాతాలు, మబ్బులు, పళ్ళికిలిస్తూ నేను. ఫోన్లో చెబుదామంటే రెండో మాటకే "మళ్ళీ చేస్తాన్రా" అని పెట్టేస్తావు. అందుకని తీరిగ్గా చదువుకో.

విజయనగరంలో వివేక్ ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. కన్యాకుమారి నుంచి దిబ్రూగఢ్ దాకా నాలుగు వేల కిలోమీటర్లకి పైగా పోయే బండి, దాని ఆలస్యం కూడా ఆ లెక్కలోనే ఉంటుంది. గువాహటిలో దిగి, సుమోలో పదిమందితో ఇరుక్కుని షిల్లాంగ్ చేరాను. షిల్లాంగ్ గురించి పెద్దగా చెప్పను. బావుంది, ట్రాఫిక్ మాత్రం అమీర్‌పేటే నయం.

అసలు కథ చిరపుంజిలో మొదలైంది. ఊరివాళ్ళు దాన్ని సోహ్రా అంటారు. ఏడాదికి సగటున 11,000 మిల్లీమీటర్లకి పైనే వాన. మన జిల్లాలో పదేళ్ళు కురిసేదంతా అక్కడ ఒక్క ఏడాదిలో పడిపోతుందన్నమాట. వ్యూ పాయింట్ దగ్గర మనవాళ్ళ టూరు బస్సు కనబడింది, వంటమనిషితో సహా. దిగారు, సెల్ఫీలు తీసుకున్నారు, సాంబారన్నం తిన్నారు, ఎక్కారు. వాళ్ళని తప్పు పట్టట్లేదురా, ఆ పోపు వాసనకి నాకూ నోరూరింది. కానీ ఆ బస్సు విజయనగరం దాటి ఎక్కడికీ వెళ్ళనట్టే అనిపించింది. నా బ్యాగులోనూ ఆవకాయ సీసా ఉందనుకో, అది వేరే సంగతి.

అక్కణ్ణుంచి తిర్నా అనే ఊరికి వెళ్ళి, మూడు వేల పైచిలుకు మెట్లు దిగి నాంగ్రియాట్ చేరాను. వేళ్ళ వంతెన ఉన్నది అక్కడే, అదీ రెండంతస్తులది. ఎవరూ కట్టింది కాదు, పెంచింది. వాగు ఒడ్డున రబ్బరు మర్రి నాటి, దాని ఊడల్ని పోకమాను బోదెల్లోంచో వెదుళ్ళ మీంచో అవతలి గట్టుకి దారి పట్టిస్తారు. మనిషి బరువు మోయడానికి పదిహేను, ఇరవై ఏళ్ళు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుందట. ఆ తర్వాత వందల ఏళ్ళు ఉంటుంది. ఇనుప తాళ్ళు ఆ తేమకి తుప్పు పడతాయి, ఇది మాత్రం ఏటికేడు గట్టిపడుతుంది. నాటినవాడు చాలాసార్లు దాని మీద నడవకుండానే పోతాడు. మనం అపార్ట్‌మెంట్ పొజెషన్ ఆర్నెల్లు లేటయితే బిల్డర్ మీదకి పోతాం!

అక్కడ వాన పట్టుకుంది. పైకి ఎక్కే దారి లేదు. నేను దిగిన ఇంటావిడ తాబేటి చిప్పలాంటి వెదురు గొడుగు వీపున వేసుకుని, రెండు చేతులా పని చేసుకుంటూ తిరుగుతోంది. దాన్ని క్నుప్ అంటారు. ఆవిణ్ణి నేను "కాంగ్" అని పిలిచేవాణ్ణి, అక్కడ ఆడవాళ్ళని గౌరవంగా పిలిచే పిలుపు. వెళ్ళగానే తమలపాకు, సున్నం, పచ్చి వక్క ముక్క చేతిలో పెట్టింది. క్వాయ్ అంటారు, ఇంటికొచ్చినవాళ్ళకి పెట్టాల్సిందే. మన తాంబూలమే కదా అని ధీమాగా నమిలాను. రెండు నిమిషాల్లో చెవులు వేడెక్కాయి, నుదుట చెమట, తల గిర్రున తిరిగింది. ఆవిడ పిల్లలు నన్ను చూసి పడీ పడీ నవ్వారు.

వాన వల్ల వేరే పని లేదు కదా, కబుర్లే కబుర్లు. మొదట అన్ని ప్రశ్నలూ నావే. అక్కడి ఖాసీ తెగవాళ్ళలో ఇంటిపేరు తల్లి నుంచి వస్తుంది. ఇల్లు ఆఖరి కూతురికి. ఇంటితో పాటు ముసలి తల్లిదండ్రుల బాధ్యత, నిలవ నీడలేని తోబుట్టువులు వస్తే చోటివ్వడం, అన్నీ ఆమెవే. ఒకే కులం... కాదు, ఒకే వంశం వాళ్ళు పెళ్ళి చేసుకోకూడదు, మన ఇంటిపేర్ల పట్టింపు లాగే. అలాగని ఆడవాళ్ళ రాజ్యం అనుకోకు. మేనమామ మాటకి విలువెక్కువ, ఊరి దర్బారుల్లో తరతరాలుగా కూర్చున్నది మగవాళ్ళే. బయటివాణ్ణి పెళ్ళాడిన ఖాసీ అమ్మాయికి ఖాసీ హోదా పోవాలని 2018లో అక్కడి జిల్లా మండలి బిల్లు కూడా తెచ్చింది. ఆ మాట ఎత్తితే కాంగ్ ముఖం చిట్లించింది.

తర్వాత ఆవిడ వంతు. "మీ అక్కకి ఏం వస్తుంది?" అంది.

"చట్టం ప్రకారం సమానం" అన్నాను గర్వంగా. దేశమంతా 2005లో చేసిన మార్పు మన రాష్ట్రంలో ఎన్టీఆర్ హయాంలో, 1986లోనే చేశారని కూడా చెప్పాను.

"చట్టం కాదు, మీ అక్క సంగతి అడిగాను."

మా అక్క సంగతి నీకు తెలుసు కదరా. పసుపు కుంకుమల కింద ఎకరం అన్నారు, ఆఖరికి బంగారంతో సర్దేశారు. నాలుగు ముక్కల్లో చెప్పాను. ఆవిడేమీ అనలేదు. తీర్పు చెప్పే మనిషి కాదు, ఊరికే తెలుసుకోవాలని అడిగింది. నాకే ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఆవిడ తమ్ముడు ఇంకోటి అడిగాడు. 2012 ఆగస్టులో వదంతులకి భయపడి వేలమంది ఈశాన్యం వాళ్ళు బెంగళూరు నుంచి రైళ్ళెక్కేశారు, గుర్తుందా? ఆ రైళ్ళలో ఒకదాంట్లో అతనున్నాడు. "మీ ఆఫీసులో మా వైపువాళ్ళున్నారా? కలిసి భోజనం చేస్తారా?" అన్నాడు. ఒకమ్మాయి ఉంది, ఏ రాష్ట్రమో నాకు తెలీదు. తిరిగొచ్చాక క్యాంటీన్‌లో పక్కన కూర్చుని పలకరించాను. మిజోరం అట. ఘనంగా షిల్లాంగ్ వెళ్ళొచ్చానన్నాను. "అవునా, నేనెప్పుడూ చూళ్ళేదు, ఎలా ఉంటుంది?" అంది! ఇప్పుడు వారానికోసారైనా ఆమె డబ్బాలోది నాకు, నా డబ్బాలోది ఆమెకి. ఆవకాయ మహా నచ్చింది, గిన్నె నాకేసింది.

ప్రయాణాలు చేస్తే కుర్రాళ్ళకి బుర్ర విశాలమవుతుందని మన మాస్టార్లు ఊదరగొట్టేవారు. నాకలా అనిపించట్లేదు. మనం వాళ్ళని చూసినంతసేపూ ఏమీ కాదు. వాళ్ళు మనల్ని చూసి ఒక ప్రశ్న అడిగినప్పుడే ఇరుక్కుంటాం.

ఇంటికొచ్చి నాన్నని అడిగాను, అక్క వాటా మాటేమిటని. "నీకెందుకురా ఇప్పుడా గొడవ?" అని పేపరు తిరగేశారు. అమ్మ పప్పు వడ్డిస్తూ, "నేనూ మా అన్నయ్యలకి సంతకం పెట్టేశాను" అంది. పాతికేళ్ళుగా ఆ ఇంట్లో ఉంటున్నాను, ఆ ముక్క అప్పుడే విన్నాను. అక్కకి ఫోన్ చేస్తే "నువ్వేం కదపకు, పండక్కి పుట్టింటికి హాయిగా వచ్చే దారి ఉంచు" అంది. అదీ నిజమే. ఇంకా తేలలేదు, కానీ నా వంతు కాగితాల మీద నేను సంతకం పెట్టనని మాత్రం చెప్పేశాను. నాన్న రెండ్రోజులు మాట్లాడలేదు.

అన్నట్టు ఇంకో విశేషం. ఖాసీ వాళ్ళ భాష, మన సీతంపేట మన్యంలో సవరలు మాట్లాడే భాష ఒకే కుటుంబంవి, ఆస్ట్రో ఏషియాటిక్ అంటారు. గిడుగు రామ్మూర్తి పంతులు గారు వ్యాకరణం, నిఘంటువు రాశారే, ఆ సవర భాషే. బస్సెక్కితే పూట పట్టని సీతంపేట నేనింతవరకు చూడలేదు, నువ్వూ చూసుండవు. సంక్రాంతికి ఎలాగూ వస్తావు కదా, కనుమ వెళ్ళాక సంత ఏ రోజో కనుక్కుని పోదాం. సెలవు ఒక రోజు ఎక్కువ పెట్టు. బండి నాది, పెట్రోలు నీది.

నీ
బుజ్జి