ఆ ఐదు ఫియట్లు మళ్లీ షెడ్‌కు తీసుకురండి

దసరాకు ముందు మన షెడ్‌లో ఐదు ఫియట్లకు బ్రేక్ మాస్టర్ సిలిండర్, అంటే పెడల్ నొక్కితే బ్రేక్ ఆయిల్‌ను చక్రాల వైపు తోసే భాగం, మార్చాం. ఆ ఐదూ వెనక్కి కావాలి. నలుగురికి ఫోన్ చేసి చెప్పాను. ఐదో ఆయన నంబర్ కలవడం లేదు. ఆయనది క్రీమ్ రంగు బండి, వెనక అద్దం మీద వేంకటేశ్వరస్వామి స్టిక్కర్ ఉంటుంది. తెలిసినవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి ఈ మాట ఆయన చెవిన వేయండి.

తప్పు మాదే. ఏం జరిగిందో ఉన్నదున్నట్టు చెబుతాను.

ఆయుధపూజ నాటికి బండి రోడ్డెక్కాలని అందరూ ఒకేసారి వస్తారు. అలా వచ్చిన ఒక పెద్దాయన ఫియట్‌లో మాస్టర్ సిలిండర్ వెనక నుంచి ఆయిల్ కారి, లోపల కాళ్ల దగ్గర మ్యాట్ జిగురుజిగురుగా ఉంది. లోపలి రబ్బర్లు మార్చే కిట్ వేసి చూశాం, కారడం ఆగలేదు. రాణిగంజ్‌లో కొత్త సిలిండర్ దొరికింది. బోల్టు రంధ్రాలు సరిపోయాయి, పైపులు బిగిశాయి, పెడల్ రాడ్ కుదిరింది. బ్రేక్ పైపుల్లో గాలి తీసి, షెడ్ ముందు చదును రోడ్డు మీద రెండు చక్కర్లు కొట్టి బండి ఇచ్చేశాం. మిగతా నాలుగింటికీ అదే రకం వేశాం.

ఐదు రోజులకు పెద్దాయన ఫోన్. "బాబూ, నేను నొక్కితే ఆగుతోంది, మా అమ్మాయి నొక్కితే ఆగట్లేదు." జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ వైపు దిగుతుంటే ఆ అమ్మాయి రెండు కాళ్లతో తొక్కితే గానీ బండి ఆగలేదట. ముందు బండి దూరంగా ఉంది కాబట్టి ఏమీ కాలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మర్నాడు సిలిండర్ విప్పి, పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి వర్నియర్‌తో కొలిచాను. పాతదాని బోర్, అంటే లోపలి గొట్టం అడ్డకొలత, 19 మిల్లీమీటర్లు. కొత్తది 22 దాటింది. చేతిలో పట్టుకుంటే ఆ తేడా కనబడదు. కానీ ఒత్తిడి లెక్క వైశాల్యం మీద ఉంటుంది. 19 నుంచి 22 దాటితే లోపల ఆయిల్‌ను తోసే పిస్టన్ వైశాల్యం మూడోవంతుకు పైగా పెరుగుతుంది, అదే కాలితో అంతే బలంగా నొక్కినా లైన్‌లో ఒత్తిడి పావువంతు పడిపోతుంది. కాలి బలానికి తోడయ్యే బూస్టర్ లేని బండిలో ఆ పావువంతు మొత్తం మన కాలు మీదే పడుతుంది. పైగా బోర్ పెద్దదైతే పెడల్ కొంచెమే దిగి రాయిలా ఆగుతుంది. చదును రోడ్డు మీద అది మంచి బ్రేక్ అనిపిస్తుంది. నాకూ అలాగే అనిపించింది. బోర్ మరీ చిన్నదైతే దీనికి విరుద్ధంగా పెడల్ మెత్తగా ఉండి నేల దాకా పోతుంది.

ఇక నుంచి ముందు మీ బండితో వచ్చిన పాత సిలిండర్‌నే బాగుచేయగలమా అని చూస్తాం. లోపల వేలు పెట్టి తిప్పితే గోరుకు గుంటలు తగులుతాయి. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, బండి నెలల తరబడి కదలకుండా ఉంటే ఆ తేమ లోపలి గోడను తినేస్తుంది. గీతలు పైపైన ఉంటే హోనింగ్, అంటే లోపలి గోడను సన్నగా రుద్ది నునుపు చేయడం, చాలు. గుంటలు పడితే బాలానగర్‌లో లేత్ మీద బోర్‌ను పెద్దది చేయించి, లోపల స్టెయిన్‌లెస్ స్టీల్ స్లీవ్ (పలచని గొట్టం) దింపి, మళ్లీ అసలు కొలతకు తెప్పిస్తాం. ఇందులో కష్టమంతా ఆయిల్ డబ్బా నుంచి దిగే సన్న రంధ్రం దగ్గర ఉంది. స్లీవ్‌లో దాన్ని మళ్లీ తొలిచినప్పుడు అంచు గరుకుగా మిగిలితే కొత్త రబ్బరు కప్పును కోసేస్తుంది. మొదట చేయించిన రెండు స్లీవ్‌లు అందుకే పక్కన పడేశాను.

బాడీయే పగిలిపోతే కొత్తది తప్పదు. అప్పుడు బోర్ ఒక్కటే చూస్తే చాలదు. డ్రమ్ బ్రేకుల బండికి లైన్‌లో కాస్త ఒత్తిడి నిలిపి ఉంచే వాల్వ్ ఉంటుంది. ఆ సిలిండర్‌ను డిస్క్ బ్రేకులు ఉన్న చక్రాలకు కలిపితే ప్యాడ్లు డిస్క్‌కు రాసుకుంటూనే ఉంటాయి. మరలు ఇంకో ప్రమాదం. మూడు బై ఎనిమిది అంగుళాల యూనియన్ (పైపు చివర బిగించే నట్టు) పది మిల్లీమీటర్ల రంధ్రంలో దూరి బిగిసినట్టే ఉంటుంది, గట్టిగా బ్రేక్ వేసిన రోజు ఊడి వస్తుంది. పెడల్ రాడ్‌కు, పిస్టన్‌కు మధ్య సుమారు ఒక మిల్లీమీటర్ ఖాళీ ఉండాలి. అది లేకపోతే ఇందాక చెప్పిన సన్న రంధ్రం మూసుకుపోయి, వేడెక్కేకొద్దీ బ్రేకులు వాటంతట అవే పట్టేస్తాయి.

బ్రేక్ ఆయిల్ రెండు వేరువేరు దారుల్లో వెళ్లే రెండు లైన్ల సిలిండర్ వేయించుకోమంటారా అని చాలామంది అడుగుతున్నారు. రోజూ నడిపే బండి అయితే తప్పకుండా వేయించుకోండి అంటాను. ఒకే లైన్ ఉన్న బండిలో ఒక చక్రం దగ్గర కారినా నాలుగు బ్రేకులూ పోతాయి. కాకపోతే పైపులన్నీ మార్చాలి, సగం పని చేయించుకుంటానంటే మాత్రం నేను ఒప్పుకోను.

వీటన్నిటివల్ల పని ఆలస్యమవుతుంది. మూడు రోజులన్నది ఇప్పుడు పది, పన్నెండు రోజులు పడుతుంది. వాలు రోడ్డు మీద ఆపి చూడకుండా ఏ బండీ షెడ్ దాటదు. పండగ ముందు తొందరపెడితే వద్దనే చెబుతాను, కోపం తెచ్చుకోకండి.

ఆ ఐదు బండ్లకు విడిభాగాలు, కూలి, కొత్త బ్రేక్ ఆయిల్ అన్నీ మా ఖర్చే. దూరం నుంచి రావాల్సినవాళ్లు నడుపుకుంటూ రావద్దు, కబురు పెడితే మేమే వచ్చి లాక్కొస్తాం. విప్పిన పాత సిలిండర్ కవర్‌లో పెట్టి మీ డిక్కీలోనే ఉంచాం. దాన్ని పాత ఇనుము కింద అమ్మేయకండి, మీ బండికి మళ్లీ ఎక్కాల్సింది అదే.